విభూది బుధవారం చెల్లి అడిగిన మాట

ఇవాళ మోండా మార్కెట్‌లో ఒకావిడ నుదుట విభూది సిలువ చూశాక కూరగాయలు కొనబుద్ధి కాలేదు.

మీకూ గుర్తుందా, తపస్సుకాలం మొదలయ్యే ఈ విభూది బుధవారం నాడే, ఈస్టర్ దాకా ఎవరేం మానేస్తారో ఇంట్లో అడిగేవాళ్లు? మా సీతాఫల్‌మండి ఇంట్లో, స్టీలు కంచాల ముందు, నేను పుల్ల ఐస్ అన్నాను. నాన్న ఎప్పటిలాగే మటన్ అన్నాడు. చెల్లి వంతు వచ్చింది.

"నాన్నా, ఈసారి అమ్మను కొట్టుడు బంద్ జెయ్యరాదు?"

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మే గబుక్కున చెల్లి నోరు మూసింది.

"తినేటియే చెప్పాలె బిడ్డా."

ఈస్టర్ నాడు, నలభై రోజులూ ఒక్క మటన్ ముక్క కూడా ముట్టలేదట కదా అని చర్చిలో అందరూ నాన్నను తెగ మెచ్చుకున్నారు. పక్కనే అమ్మ, చెంప కనబడకుండా కొంగు కప్పుకుని నవ్వుతూ నిలబడింది.