ఒక్క స్కేలు మాస్టరు

వరంగల్‌లో మా చర్చి వాళ్ళు నన్ను దేవదానం మాస్టర్ అంటారు. వారమంతా విత్తనాల దుకాణంలో గుమాస్తాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను, ఆరాధన అయ్యాక పిల్లలకు అదే కీబోర్డు నేర్పుతాను. మాస్టర్ అనిపించుకోవడమంటే నాకు మహా ఇష్టం. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు కదా, మా చర్చిలో ఆ ఆముదపు చెట్టును నేనే.

నా విద్య గుట్టు ముందే చెప్పేస్తాను. నాకు వచ్చింది ఒక్క స్కేలు. సి మేజర్, అన్నీ తెల్ల మెట్లే. నల్ల మెట్ల జోలికి పోను. పోవలసిన అవసరమూ రాలేదు. మా చర్చిలో పాట ఎత్తుకునేది సువార్తమ్మ. ఆమెకు శృతి ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు, పాస్టరు గారికి కూడా. ఏ వారం ఏ శృతిలో ఎత్తుకుంటుందో దేవునికే ఎరుక. వెనక నుంచి ఉరికి ఆమెను అందుకోవడం నా పని. అందుకోసం కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అనే బటన్ ఉంది. దాన్ని నాలుగుసార్లు ఒత్తితే శృతి నాలుగు మెట్లు పైకి జరుగుతుంది, నా వేళ్ళు మాత్రం ఆ తెల్ల మెట్ల మీదే ఆడుతుంటాయి. వినేవాళ్ళు నాకు అన్ని స్కేళ్ళూ వచ్చనుకునేవాళ్ళు. పోను పోను నేనూ అలాగే అనుకున్నాను. పిల్లలకూ అదే నేర్పాను.

ఆ పిల్లల్లో ఏంజెల్ ఒకతె. తొమ్మిదో ఏట నా దగ్గర చేరింది, ఇప్పుడు ఇరవై రెండు. వాళ్ళమ్మ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చి ఇక్కడ ఒక దవాఖానలో ఆయా పని చేస్తుంది. ఒకరోజు ఏంజెల్ వచ్చి, హన్మకొండలో మధు అనే ఆయన కేఫ్‌లో శనివారం సాయంత్రాలు పాటలు పెడుతున్నారని, తననూ పాడమన్నారని చెప్పింది. అక్కడ సినిమా పాటలు పాడనివ్వరట. పోనీ దేవుని పాటలా అంటే అవీ కావట. మరి ఎవరి పాట పాడతావని అడిగాను.

"నా పాటే సార్. నేనే రాసుకున్న" అంది. "మొదటిసారి పాడుతాన. ఇది పోతే మళ్ళ మనుషుల ముందట పాడ" అని కూడా అంది.

నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. పాట ఆమెది, ఛాతీ నాది. ఇక వెళ్ళబోతూ ఆమె ఒక సందేహం అడిగింది. మధు ఎక్కడి నుంచో పాత చెక్క పియానో తెప్పించాడట, మరి తన కీబోర్డు మోసుకుపోవాలా అని.

"ఎందుకు బిడ్డా? పియానో అంటే కీబోర్డుకు తాత. మనుమని దగ్గర ఉన్నయి తాత దగ్గర ఉండవా?" అన్నాను.

అప్పటికి నేను పియానోను దగ్గర నుంచి చూసింది లేదు.

శనివారం కేఫ్‌కు అందరికంటే ముందే పోయి కూర్చున్నాను. నా బల్ల దగ్గర కూర్చున్న నలుగురు కాలేజీ పిల్లలకు అరగంట సేపు నా గొప్పలు చెప్పాను. ఏంజెల్ నా శిష్యురాలని, పదమూడేళ్ళు కూర్చోబెట్టి నేర్పానని, పునాది గట్టిగా ఉండాలని. పాపం, మర్యాదస్తులు, కాఫీ చల్లారుతున్నా విన్నారు.

ఏంజెల్‌ను పిలిచారు. వచ్చి పియానో ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి పైకి పోయి చెక్క మీద తడమడం మొదలుపెట్టింది. అటు తడిమింది, ఇటు తడిమింది. ఏం వెతుకుతోందో అక్కడున్న వాళ్ళందరిలో నాకొక్కడికే అర్థమైంది. ట్రాన్స్‌పోజ్ బటన్. చెక్క పియానోకు అది ఉండదు.

వేరే దారి లేక సి మేజర్‌లోనే మొదలుపెట్టింది. ఆమె గొంతుకు అది బాగా కింది శృతి. రెండో వరసకు వచ్చేసరికి గొంతు బావిలో పడ్డట్టు వినపడకుండా పోయింది. ఆపేసింది. మధు మంచివాడు, మెల్లగా దగ్గరికి వచ్చి పై శృతిలో వాయించుకొమ్మన్నాడు. తనకు ఒక్క స్కేలే వచ్చని ఆమె చెప్పింది. ఎగతాళిగా కాదు, ఆశ్చర్యంగానే అడిగాడు, నేర్పింది ఎవరని.

ఏంజెల్ నా వైపు చూసింది. చూపు తిప్పుకుంది.

"ఎవ్వరు నేర్పలేదన్నా. ఫోన్ల చూసి నేర్చుకున్న" అంది.

నా బల్ల దగ్గరి నలుగురూ ఒక్కసారే నా మొహం వైపు తిరిగారు. నేను మెనూ కార్డు చదవడం మొదలుపెట్టాను. శాండ్‌విచ్ దగ్గర ఇక ముందుకు పోలేకపోయాను. పదమూడేళ్ళు నేను తినిపించిన తప్పును ఆ పిల్ల అందరి ముందూ ఒక్కతే మింగుతోంది, అదీ నా పరువు కోసం. అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ పడలేదు. లేచి నిలబడ్డాను.

"నేనే నేర్పిన. నాకు గూడ ఒక్క స్కేలే వస్తది. కీబోర్డు తేవద్దన్నది గూడ నేనే" అన్నాను. ఎవరో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. "పియానో ఇడిసిపెట్టు బిడ్డా. వట్టి గొంతుతోటి, నీకెక్కడ అందితె అక్కడ ఎత్తుకో."

ఏంజెల్ పియానో మూత వేసి లేచి నిలబడింది. రోజూ రైల్లో సీటు దొరకక నిలబడే వచ్చే వాళ్ళమ్మ మీద రాసిన పాట అది. "ఇయ్యాల నువ్వు కూసో అమ్మా, నేను నిలబడ్త" అనే చోట గొంతు ఎంత పైకి పోయిందంటే, ఏ బటన్ ఎన్నిసార్లు ఒత్తినా నేను అందుకోలేకపోయేవాణ్ణి. ఏడ్చాను. నా బల్ల దగ్గరి పిల్లలు టిష్యూలు ఇచ్చారు.

తరవాత ఆమె వచ్చి నా పక్కన కూర్చుంటే, రేపటి నుంచి క్లాసు మూసేస్తానని చెప్పాను.

"మూస్తే పిల్లలు ఏడికి పోతరు సార్? నేను జర నల్ల మెట్లు నేర్చుకోని వచ్చి చెప్త. మీరు గూడ వాళ్ళ పక్కన కూసోండ్రి" అంది.

నెల తరవాత వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. ఏడుగురు పిల్లలు, చివరి కుర్చీలో నేను. నా వంతు వచ్చింది. మూడో మెట్టు దగ్గరే తప్పు వాయించాను. ఏంజెల్‌కు నన్ను దిద్దడానికి మొహమాటం. ముందు వరసలోని ఎనిమిదేళ్ళ కావ్యకు అలాంటివేం లేవు.

"అది కాదు సార్, పక్కది" అంది.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో, చర్చిలో అందరూ వినేలా, పక్కది వాయించాను.