చీరల కొట్లో చూపుల చదువు

మొన్న మనవరాలితో తిరుపతిలో చీరల కొట్టుకు పోతే, అక్కడి పిల్లవాడు ఆమె మొహమైనా చూడకుండా, ఫోన్లో ఆమె చూపిన బొమ్మను బట్టి చీర తీసిచ్చాడు. మా కాలంలో, మీకూ గుర్తుండే ఉంటుంది, కొట్టు మెట్లెక్కినవాళ్ళది అరవమైనా మరాఠీ అయినా వాళ్ళ నోటితో మాకు పనుండేది కాదు; మనవాళ్ళు తల ఊగిస్తే సరేనని, ఉత్తరాదివాళ్ళు తల తిప్పితే వద్దని, చూపుల్లోనే బేరం తెలిసిపోయేది. ఈ చదువులో తనను మించినవాడు లేడని మా మేనమామ మీసం తిప్పేవాడు. ఆ ఊళ్ళోనే ఒక పట్టుచీరల కొట్లో ఆయన పెద్ద గుమాస్తా, నేను ఆయన చేతికింద పనివాడిని.

నగరిలో మగ్గం నేసే మా నాయన ఒకసారి నన్ను చూడాలని లుంగీతోనే వచ్చాడు. "యాడికి బావా పైకొస్తా ఉండావు? బేరాలు చెడతాయి, ఆడ చెప్పులకాడ కూర్చో," అన్నాడు మామ, అందరి ముందరా. నాయన పోయి చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

కొన్నాళ్ళకు కొండమీద తలనీలాలిచ్చి దిగిన కన్నడ కుటుంబమొకటి వచ్చింది. గుండ్లు చేయించుకుని, నగలు తీసి మూటగట్టుకున్నాక ఉన్నవాడెవడో లేనివాడెవడో కనిపెట్టడం ఆ దేవుడికే కష్టం. ముసలావిడ కట్టుకున్న నలిగిన నూలుచీర చూసి మామ నాలుగు చవకరకాలు ముందు పడేసి పక్కకు తిరిగాడు. నేను ఆమె వేళ్ళు చూశాను. చీర తిరగేసి, వెనకవైపు జరీని గోటితో గీరింది, అచ్చం మా నాయనలాగే. అలా సరుకు తెలిసిన పెద్ద బేరంవాళ్ళను కనిపెడితే చెవి తడుముకోవడం మా కొట్లో సైగ. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

గంట తర్వాత వాళ్ళు ఎదురు కొట్లోంచి పెళ్ళిపట్టుచీరలు మూటలు మూటలుగా మోయించుకుపోతుంటే మా షావుకారు కళ్ళారా చూశాడు. "కండ్లు యాడ పెట్టుకున్నావప్పా?" అని మామను నలుగురిలో కడిగేసి, పనిలోంచి తీసేశాడు. అబ్బ, ఎంత చల్లగా ఉండిందో నా ప్రాణానికి! నేను చేతులు కట్టుకున్న సంగతి మామ గమనించాడు, ఎందుకో కూడా గ్రహించాడు. నా వైపు చూసి తన చెవి ఒకసారి తడుముకుని మెట్లు దిగిపోయాడు.

పోయినేడు ఆయనకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. నాయన అప్పటికే లేడు. నేను చూడటానికి పోతే, కళ్ళనిండా నీళ్ళతో నా చెయ్యి పట్టుకుని పెదవులు కదిలించాడు.

"ఏమడగతా ఉండాడురా, నీకు తెలస్తాది గదా?" అంది అత్త.

'మీ నాయనను ఆ మాట అన్నాను, మన్నించరా' అంటున్నాడు మామ. ఆమాత్రం నాకు తెలియదా?

"దప్పికంట అత్తా, నీళ్ళియ్యి," అన్నాను.

అత్త పోసిన నీళ్ళను మామ నా వైపే చూస్తూ తాగాడు. నెలకే పోయాడు. ఇప్పుడు తిరుపతిలో నా మొహం చూసి నా మనసు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.