దశరథం దాచిన క్లైమాక్స్

దశరథానికి ఉన్నది ఒకటే జబ్బు. సినిమా చూసి వస్తే క్లైమాక్స్ కడుపులో ఆగదు. ఎవరో ఒకరి చెవిన వేస్తేగానీ అన్నం సయించదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దారిలో అతనిది పంక్చర్ దుకాణం. అక్కడ ఆగిన క్యాబ్ డ్రైవర్లు ఫోన్లో సినిమా చూస్తుంటే సరిగ్గా ముడి విప్పే వేళకే బుకింగ్ మోగేది. మిగతా కథ దశరథం చెప్పేవాడు. అడిగినవాళ్లకు చెప్పడంతో మొదలై, చెవులున్న ప్రతివాడికీ చెప్పడం దాకా వచ్చింది. టైరుకు అతను వేసిన అతుకు జన్మలో ఊడదు. నోటికే ఏ అతుకూ నిలవలేదు. తుక్కుగూడలో ఒకాయన అతన్ని చూసి, హెల్మెట్ తీయకుండానే చాయ్ తాగాడు.

ఈసారి చిక్కు డ్రైవర్ ఇబ్రహీంకు వచ్చింది. కొడుకు ఫహద్ బ్యాంకు దోపిడీ సినిమాలో వాచ్‌మన్ వేషం వేశాడు. యాక్టింగూ గీక్టింగూ అని ఏళ్లతరబడి తిట్టిన తండ్రి, వాడికి ఆ పని వచ్చిందో లేదో తన కళ్లతోనే తేల్చుకోవాలనుకున్నాడు. దశరథం మొదటి ఆటే చూసేశాడని తెలిసి ఆ దారి మానేసి, మంఖాల్ మీదుగా చుట్టు తిరిగాడు. తీరా సినిమాకు బయల్దేరిన రోజు, ఆలస్యమైందని పాత దారి పట్టాడు. దుకాణం ఎదురుగానే టైరులో మేకు దిగింది.

"జర నోరు మూసుకొని పంచర్ వెయ్యి," అన్నాడు ఇబ్రహీం, చెవుల్లో వేళ్లు పెట్టుకొని.

దశరథం మేకు పీకి, రబ్బరు దిగ్గొట్టి, సబ్బునీళ్లు పోసి బుడగ రావట్లేదని చూసుకున్నాడు. డబ్బులివ్వడానికి ఇబ్రహీం చెవిలో వేలు తీయక తప్పలేదు.

"ఫహద్ ఇంటర్వెల్ ముందే చచ్చిపోతడు భాయ్."

"నీ నోట్ల మన్నువడ. నా కొడుకు సినిమా గూడ వదలవా?"

"జల్ది పో. లేటయితే శవమే కనవడ్తది."

హాల్లో ఇబ్రహీం కథను వదిలేసి కొడుకునే చూశాడు. తుపాకీ కనిపించినప్పుడల్లా అల్లాను తలుచుకున్నాడు. ఆ బెదురు చూపు, తాళాల గుత్తి పట్టుకుంటే వణికే వేళ్లు ఇంట్లో ఎన్నడూ చూసినవి కావు. ఇంటర్వెల్ దాటింది. వాడు చావలేదు. చివర్లో ఆ వేళ్లు వణకడం మానేశాయి. దోపిడీ మొత్తం నడిపించింది వాచ్‌మనే. హాలంతా లేచిన ఈలల్లో పొడుగు ఈల ఇబ్రహీంది.

వస్తూ వస్తూ దుకాణం ముందు బండి ఆపాడు.

"అబద్ధం చెప్పినవేంది?"

"నేను చెప్పకున్నా ఇంకెవడన్న అసలుది చెప్తుండె. నా మాట విన్నంక నువ్వు ఎవన్నీ నమ్మవు గద. ఇంతకూ ఎట్ల చేసిండు?"

"పని నేర్చిండు. పక్కా నేర్చిండు."

"నాకే పరేషాన్ అయింది భాయ్. సినిమా చూసిన కాన్నుంచి బుక్క లోపలికి పోతలేదు. నువ్వు చూసినవ్ గద, ఇప్పుడన్న వినరాదు?"

ఇబ్రహీం పాత టైరు ఒకటి దగ్గరకు లాక్కొని కూచున్నాడు.

"చెప్పు. ఇంతకూ దొంగెవడు?"