అన్నానికి పిలిచే గొంతు

ఎవరికీ వినపడని మాటలు తమకు వినపడుతున్నాయని చెప్పే మనుషులతో మాట్లాడడం నా ఉద్యోగం. దయ్యాలను నమ్మడం మొదలుపెడితే ఆ కుర్చీలో ఒక్క పూట కూడా కూర్చోలేను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

సత్తుపల్లిలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు మొదలైన కొత్తలో నేను భద్రాచలంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో సైకాలజిస్టుగా ఉండేదాన్ని. మందులు రాయడం నా పని కాదు. వచ్చిన మనిషితో మాట్లాడి, పరీక్షలు పెట్టి, మనసులో ఏం జరుగుతోందో అంచనా వేసి రిపోర్టు ఇవ్వాలి. ఖమ్మం నుంచి వారానికోసారి వచ్చే మానసిక వైద్యుడు దాన్ని చూసి వైద్యం నిర్ణయించేవారు. పిల్లల పరీక్షలకు నాకు తోడుగా నాగమణి ఉండేది. ఇల్లెందు అమ్మాయి. చూసింది చూసినట్టు చెప్పే మనిషి, ఉన్నదానికి ఒక ముక్క కలపదు.

ఆ ఏడు వానలు ఇంకా వెనకబట్టకముందే సమ్మయ్య వచ్చాడు. గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. వెంట ఏడేళ్ల కూతురు శిరీష, అత్త వెంకటమ్మ. ఆయన భార్య స్వరూప ఆ ఎండాకాలమే కామెర్లతో చనిపోయింది.

సమస్య ఏమిటంటే, డ్యూటీలో ఉండగానే సమ్మయ్య బండిని దారి మధ్యలో ఆపి, దిగి, ఇంటివైపు నడిచిపోతున్నాడు. వెనక లోడుతో బండ్లు వస్తుంటాయి. ఒకసారి పెద్ద ప్రమాదమే తప్పింది. మనసు బాగుందని డాక్టరు చెబితేనే మళ్లీ పనిలోకి రమ్మన్నారు గనివాళ్లు.

కూతురిదీ అదే వరస. బడిలో పాఠం మధ్యలో లేచి బయటికి నడుస్తుంది. మధ్యాహ్నం వేళ తండ్రి ఒక వైపు నుంచి, కూతురు ఇంకో వైపు నుంచి వచ్చి తాళం వేసిన ఇంటి ముందు నిలబడడం వాడకట్టంతా చూసింది.

"ఏం వినపడుతుంది?" అని సమ్మయ్యను అడిగాను.

"అన్నం పెట్టిన, రండి అంటది మేడం. ఇంకేం అనదు."

"స్వరూప లేదని తెలుసు కదా?"

"నా చేత్తోనే నిప్పు పెట్టిన. తెల్వకుంట ఎట్లుంటది?"

పరీక్షల్లో ఎక్కడా తేడా కనిపించలేదు. జ్ఞాపకం, ఆలోచన, తర్కం అన్నీ నిలకడగా ఉన్నాయి. నిద్ర మాత్రం సరిగా లేదు. శిరీష తెలివైన పిల్ల. చెక్క దిమ్మెలతో చూపిన ఆకారాలన్నీ చకచకా పేర్చింది. అమ్మ పిలుస్తుందా అంటే తలూపింది. నాన్న నీకు చెప్పాడా అంటే తల అడ్డంగా ఊపింది.

వెంకటమ్మ మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే మాట. "ఆయనకు మతి తప్పింది. పిల్లకు గూడ అంటిస్తుండు. పిల్లను నాకిప్పియ్యండి మేడం, దమ్మపేట తీస్కపోత."

ఆమె చెప్పేది నా చదువుకు దగ్గరగానే ఉంది. పోయినవాళ్ల గొంతు కొన్నాళ్లు వినపడడం దుఃఖంలో మామూలే. ఒకే ఇంట్లో ఒకరి భ్రమ, వాళ్ల మీద ఆధారపడిన రెండోవాళ్లకు పాకడమూ ఉంది. ఇక ఇద్దరూ ఒకే వేళకు లేవడమంటారా, ఆకలి అదే వేళకు అవుతుంది. వార్డులో ఉంచి చూసిన రోజుల్లో కూడా వాళ్లు పిలుపు విని లేచింది మధ్యాహ్నమే. క్యాంటీన్ గిన్నెల చప్పుడు అవుతూనే ఉంది మరి. వేళ తెలియకుండా చేసి, ఇద్దరినీ దూరంగా ఉంచి చూడాలనుకున్నాను.

అంతలో వెంకటమ్మ, ఇంతదూరం వచ్చాం కదా, పిల్లకు పర్ణశాల చూపిస్తానంది. మంచి అవకాశం అనిపించింది. నాగమణిని తోడు పంపాను. తల్లి మాట గానీ తిండి మాట గానీ ఎత్తవద్దని, పిల్ల దానంతట అది లేస్తే వెంటనే ఫోన్ చేయమని చెప్పాను. పొద్దున్నే జీపులో వెళ్లారు.

నేను సమ్మయ్యకు కడుపునిండా టిఫిన్ పెట్టించి లోపలి గదిలో కూర్చోబెట్టాను. చేతి గడియారం తీయించాను. గోడ గడియారం అంతకుముందే తీసేశాను. కిటికీలు మూశాను. బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపించి, చూస్తే ఏం కథ తోస్తుందో చెప్పమన్నాను. మధ్యాహ్నానికి ఇంకా చాలా పొద్దుంది.

ఒక కార్డు గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. భయం లేదు, బెదురు లేదు. పెరట్లోంచి ఎవరో పిలిస్తే మనం తల తిప్పుతాం చూడండి, అలా తిప్పాడు.

"ఆఁ, వస్తున్న," అని లేచాడు.

నాకేమీ వినపడలేదు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన్ని కూర్చోమని బతిమాలుతూనే నాగమణికి ఫోన్ కలిపాను. ఎంగేజ్. మళ్లీ కలిపాను. మళ్లీ ఎంగేజ్. విసుగొచ్చి బల్ల మీద పెట్టానో లేదో అదే మోగింది.

"ఎవరితోటి మాట్లాడుతున్నరు మేడం, ఎంత చేసినా కలుస్తలేదు," అంది నాగమణి. ఆయాసపడుతోంది. "పిల్ల లేచింది. నీళ్లల్లకు నడిచింది. పట్టుకున్నం."

నేను ఆమెకు చేస్తుంటే ఆమె నాకు చేస్తోంది. అందుకే ఇద్దరికీ కలవలేదు.

నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని పడవలు చూస్తున్నారట. గోదావరి ఇంకా ఎర్రగా, నిండుగా ఉంది. శిరీష గబగబా మెట్లు దిగి మోకాలి లోతు దాకా పోయిందట. ఎక్కడికి పోతున్నావంటే ఇంటికి అందట. నిజమే, సత్తుపల్లి ఉన్నది నది అవతలి వైపే.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. తడిసిన గౌనుతో కూతురిని చూడగానే సమ్మయ్య అక్కడే వరండాలో కూలబడ్డాడు.

"నా బిడ్డ పాయె," అంది వెంకటమ్మ. "దీన్ని గూడ గోదాట్ల కలుపుతవా?"

ఆయన నా వైపు చూసి, "పిల్లను అత్తకే ఇయ్యండి మేడం. ఇట్లయితదని నాకెరుక లేదు," అన్నాడు. శిరీష వచ్చి ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. విడిపించడానికి చాలాసేపు పట్టింది.

ఇద్దరూ ఒకేసారి ఎలా లేచారన్నది నాకు అర్థం కాలేదు. కానీ కారణం తేలేదాకా ఆగడానికి వీల్లేదు, ప్రమాదం కళ్లముందు ఉంది. అది దుఃఖమే తప్ప పిచ్చి కాదని, ఆయనకు కొన్నాళ్లు బండి ఇవ్వకుండా నేల మీద పని ఇవ్వాలని, పిల్లను కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర ఉంచాలని రాశాను. డాక్టరు ఒప్పుకున్నారు. సమ్మయ్యకు నిద్ర గోలీలు రాశారు.

చలి మొదలయ్యాక ముగ్గురూ మళ్లీ వచ్చారు. పిలుపు ఆగిపోయింది. ఆయనకూ లేదు, పిల్లకూ లేదు. విడిగా అడిగినా అదే మాట. విడదీస్తే తగ్గుతుందని పుస్తకాల్లో ఉన్నట్టే తగ్గింది. నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది.

సమ్మయ్య ముఖంలో మాత్రం ఆ తేలిక లేదు. వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగాడు.

"గోలీలు ఆపితే మళ్ల పిలుస్తదా మేడం?"

పిల్లకు మేం ఏ గోలీలూ ఇవ్వలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

వాళ్లు బయటికి వెళ్లాక వెంకటమ్మ ఒక్కతే లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కూర్చోమంటే నేల మీద కూర్చుంది.

"నాకు మతి తప్పుతుందేమో చూడు బిడ్డా. నన్ను పిలుస్తుంది."

"ఎవరు?"

"స్వరూప. అన్నం పెట్టిన, రా అమ్మా అంటది."

పిల్లతో ఉండి ఉండి ఆమెకూ అంటుకుందనుకున్నాను. ఎప్పటినుంచి అని అడిగాను.

"పర్ణశాల కాడినుంచి. చెప్తే నన్ను గూడ పిచ్చిదంటరని చెప్పలే. ఆ దినం ముందుగాల లేచింది నేనే బిడ్డా. పిల్ల గాదు."

నాగమణిని లోపలికి పిలిచాను. వెంకటమ్మ అన్న మాట చెప్పకుండా, ఆ రోజు ఒడ్డున ఏం జరిగిందో మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను. మెట్ల దాకా చెప్పి ఆగింది.

"ముందు అమ్మమ్మ లేచింది మేడం. పిల్లను పట్టుకోనీకి లేచిందనుకున్న." వెంకటమ్మ వైపు చూసింది. "కానీ పిల్ల అప్పటికింక కూసునే ఉంది."

వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట వరండాలో శిరీష తండ్రికి ఏదో చెబుతోంది, నవ్వుతోంది.

వెంకటమ్మకూ పరీక్షలు పెట్టాను. ఏ తేడా లేదు. డాక్టరుతో చెబితే, కూతురిని పోగొట్టుకున్న తల్లి కదా, ఆమె దుఃఖం ఆలస్యంగా బయటపడిందన్నారు. కావచ్చు. నేనూ అదే రాశాను. పిల్లను మళ్లీ తండ్రి దగ్గరికి పంపడానికి తొందరపడవద్దని కూడా రాశాను.

ఆ మాట వెంకటమ్మ వినలేదు. సంక్రాంతి దాకా కూడా ఆగకుండా దమ్మపేటలో ఇంటికి తాళం వేసి, పిల్లను తీసుకుని సత్తుపల్లి వెళ్లిపోయింది. అల్లుడింట్లోనే ఉండిపోయింది. సమ్మయ్యకు మళ్లీ బండి ఇచ్చారని తర్వాత తెలిసింది. ఎండాకాలంలో ఆమె ఒకసారి ఆసుపత్రికి వచ్చింది, మోకాళ్ల నొప్పులకు. ఇంకా పిలుస్తుందా అని అడిగాను.

"ఇప్పుడు పిలువది బిడ్డా," అంది. "నేనే వండి పిలుస్త. ఇద్దరొస్తరు."

తర్వాత నేను ఆ ఊరు వదిలేశాను. దుఃఖం గురించి, భ్రమల గురించి దొరికినంతా చదివాను. ఆకలి వేళ, అలవాటు, ఒకరి నుంచి ఒకరికి పాకడం, వీటితో చాలావరకు సర్దిచెప్పుకోగలను. కానీ మూసిన గదిలో సమ్మయ్య తల తిప్పిన వేళకే, నదీ తీరంలో ఆ పిలుపును ఒక్కరోజూ నమ్మని ముసలామె పిల్లకంటే ముందు ఎందుకు లేచిందో నాకు తెలియదు. తెలియదనే చెప్పగలను.