వెనక ఫుట్‌రెస్టులు

పళ్ళ సెట్లు తయారుచేసే ఆ ల్యాబులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను సాహసం గారే. "సాహసం గారూ, ఈ కింది దవడ అచ్చు ఎవరిదండీ?" "సాహసం గారూ, మైనం పొంగిపోతోంది, చూసుకోండి." మొదట ఎవరో వేళాకోళానికి అన్నారు. అతను నొచ్చుకోకపోగా లోలోపల మురిసిపోతున్నాడని కనిపెట్టి, అదే ఖాయం చేసేశారు.

ఆ పేరు తెచ్చిపెట్టింది అతని బండి. రోడ్డు మీదా, మట్టిదారుల్లోనూ కూడా నడిచే రకం మోటారుసైకిలు. సన్నటి ఒళ్ళు, పెద్ద ముందు చక్రం, గరుకు టైర్లు, ఎత్తు సీటు. అమ్మినవాడు దాన్ని నేలకి వాల్చి, మళ్ళీ అవలీలగా లేపి నిలబెట్టి, "బరువు లేకపోవడమే దీని గొప్పతనం సార్. పడినా మీరొక్కరే లేపుకోవచ్చు," అన్నాడు. ఆ మాట మీరైనా గుర్తుపెట్టుకోండి. అతను పెట్టుకోలేదు.

కొన్నది గొప్పలకి కాదు. అంతవరకు న్యాయంగానే చెప్పాలి. అతని భార్య ఊరి చివర గుట్ట మీదున్న మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. అంట్లు కట్టడం, నారు మార్చడం, నీళ్ళు పట్టడం ఆవిడ పని. బస్సు గుట్ట కింద దింపేసి పోతుంది. అక్కణ్ణుంచి పైకి కంకర తేలిన మట్టిదారి. వాళ్ళ పాత స్కూటరు ఒకసారి ఆ దారి ఎక్కబోయి, మొదటి మలుపులోనే జారి ఇద్దరినీ పడేసింది. అతను దులుపుకుని లేచాడు. ఆవిడకి మాత్రం మోకాలు దెబ్బతింది. స్కూటరు అమ్మేస్తూ అతను, "ఇక నువ్వు నడవక్కర్లేదు. గుట్ట ఎక్కే బండే కొంటాను. పొద్దున్నే నిన్ను అక్కడ దింపి, అటునుంచి అటే ల్యాబుకి వెళ్ళిపోతాను," అన్నాడు. కొత్త బండి ఇంటికొచ్చిన రోజు ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకెక్కి కూర్చుంది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు. వెనక కూర్చుని ఆవిడ నవ్వుతూనే ఉంది.

గుట్టకి మాత్రం తీసుకెళ్ళలేదు. అసలు సంగతేమిటంటే, అతను పొట్టి. సిగ్నల్ దగ్గర బండి ఆపాలంటే కాలు మోపడానికి ఫుట్‌పాత్ అంచు వెతుక్కుంటాడు. గుట్ట మీద అతని కోసం ఫుట్‌పాత్ ఎవరు వేస్తారు? పైగా ఆ జారిన భయం ఒంట్లోంచి పోలేదు. "చెయ్యి కాస్త తిరగనీ," అన్నాడు మొదట్లో. తర్వాత "వానలు తగ్గనీ," అన్నాడు. వానలు తగ్గాక, "ముందు దీనికి కావలసినవన్నీ బిగించనీ," అన్నాడు.

ఇక బిగించాడయ్యా బిగించాడు! చేతులకి కొమ్మలు తగలకుండా హ్యాండ్ గార్డులు. ఇంజిను కింద రాళ్ళు తగలకుండా దళసరి అల్యూమినియం పలక. పక్కలకి ఇనప కడ్డీల గార్డులు. మంచులో దారి చూపే లైట్లు. దారి పొడుగునా బంకులున్నా ఒక పెట్రోలు డబ్బా. హ్యాండిల్ మధ్యలో దిక్సూచి ఒకటి. ఇంటి నుంచి ల్యాబుకి తిన్నగా ఒకటే రోడ్డు. ఉత్తరం ఎటో తెలియక ఆ రోడ్డులో తప్పిపోయినవాడు ఇంతవరకు లేడు.

చివర్న పక్కలకి తగిలించే రెండు అల్యూమినియం పెట్టెలు తెచ్చాడు. మెకానిక్ వాటి ఫ్రేము పట్టి చూసి పెదవి విరిచాడు.

"దీనికి వెనక ఫుట్‌రెస్టులు తీసెయ్యాలి సార్. బోల్టులు పట్టే చోటు అదే. వెనక ఎవరైనా కూర్చుంటారా?"

అతను కొత్త పెట్టెల వైపు చూశాడు.

"ఎవరూ లేరు. తీసెయ్యి."

ఆ ఫుట్‌రెస్టులు రెండూ కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, పానాల సొరుగులో అడుక్కి తోశాడు. సాయంత్రం ఆవిడ పెట్టెలు తట్టి చూసి, "బాగున్నాయండీ," అంది. తర్వాత వంగి చూసి, "మరి నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోను?" అంది. "ఇది తాత్కాలికమేలే," అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మర్నాటి నుంచి అతని క్యారేజీ ఒక పెట్టెలోనూ, వానకోటు రెండో పెట్టెలోనూ దర్జాగా ప్రయాణం చేశాయి. ఆవిడ బస్సులో నిలబడి వెళ్ళింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇన్ని హంగులున్న బండి అద్దంలా మెరుస్తూ ల్యాబు ముందు నిలబడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఆ దిగులు పట్టుకుంది అతనికి. ఆవిడ బాల్కనీ కుండీల కోసమని నర్సరీ నుంచి మట్టి తెస్తూ ఉంటుంది. సెలవు రోజు సాయంత్రం అతను అందులోంచి గుప్పెడు తీసి, కింద పార్కింగులో, మగ్గులో కలిపేవాడు. రోజూ ప్లాస్టర్ కలిపే చెయ్యి కదా, ఎంత చిక్కగా ఉంటే అంటుకుంటుందో ఇట్టే తెలిసిపోయేది. పాత టూత్‌బ్రష్షు ముంచి, బొటనవేలితో కుచ్చు వెనక్కి లాగి వదిలితే, మట్టి చుక్కలు చక్రం నుంచి ట్యాంకు దాకా అచ్చం బురదలోంచి దూసుకొచ్చినట్టే పడేవి. మర్నాడు ల్యాబులో అందరూ ముక్కున వేలేసుకునేవాళ్ళు.

"మళ్ళీ వెళ్ళొచ్చారా సాహసం గారూ?"

"ఏదో, అలా పొద్దున్నే..." అనేవాడు చేతులు కడుక్కుంటూ. ఆపైన కబుర్లు. మొదటి మలుపు దగ్గర కంకర ఎలా మోసం చేస్తుందో, ఎండిన వాగు దాటేటప్పుడు ఏ రాయి కదులుతుందో, పైకి వెళ్ళేసరికి గాలి ఎలా చల్లబడుతుందో కళ్ళకి కట్టినట్టు చెప్పేవాడు. అవన్నీ ఆవిడ మాటలే. రాత్రి మోకాలికి మందు రాసుకుంటూ ఆవిడ చెప్పినవి అతను పొద్దున్నే పట్టుకెళ్ళి తనవిగా చెప్పుకున్నాడు.

ఎన్నాళ్ళని సాగుతుంది? పింగాణీ పళ్ళు చేసే పొడుగాటాయన ఒకరోజు పట్టుబట్టాడు. "ఈ సెలవుకి మమ్మల్నీ తీసుకెళ్ళాల్సిందే." రిసెప్షన్ అమ్మాయి, "నేను కూడా, నా స్కూటీ మీద," అంది. నడుంనొప్పి అన్నాడు, ఇంటికి చుట్టాలన్నాడు. వాళ్ళు ఆ పై వారానికి మార్చారు తప్ప వదల్లేదు. చివరికి ఒప్పుకున్నాడు. అతనికి తెలిసిన మట్టిదారి లోకంలో ఒకటే ఉంది, అదీ విని తెలిసింది. నర్సరీకి సెలవు లేదు గానీ, ఆవిడ తొలి బస్సుకే వెళ్ళిపోతుంది. తాము వెళ్ళేసరికి మొక్కల మధ్య ఉంటుంది. నర్సరీ కంచె కనపడకముందే వెనక్కి తిప్పేస్తే సరి. ఇలా లెక్కలు కట్టుకుని బయలుదేరాడు.

గుట్ట కింద పొడుగాటాయన అడిగాడు. "మట్టిలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలంటారు కదండీ?"

"ఈ పాటి దారికి ఎందుకండీ," అన్నాడు సాహసం గంభీరంగా. నిజానికి ఎంత తగ్గించాలో అతనికి తెలియదు.

మొదటి మలుపులో, తాను పదిమందికి వర్ణించి చెప్పిన ఆ కంకర మీదే, ముందు చక్రం జారింది. కాలు చాపాడు, నేల అందలేదు. బండి పెట్టెలతో సహా ధబ్బున పడింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ, లేచి హ్యాండిల్ పట్టుకుని లాగితే బండి కదల్లేదు. మళ్ళీ లాగాడు. అమ్మినవాడు అవలీలగా లేపిన బండి, ఇంతింత ఇనుము తగిలించుకుని, నేలకి అతుక్కుపోయింది. పొడుగాటాయన తన పాత మామూలు బండి మీద నింపాదిగా ఎక్కి వచ్చి, పక్కన ఆపి, ఓ చెయ్యి వేశాడు. రిసెప్షన్ అమ్మాయి స్కూటీ కిందే పెట్టి నడిచి వచ్చింది. ముగ్గురూ ఎత్తబోతే కంకర జారి, బండి ఇంకాస్త కిందికి పోయింది.

"ఆగండాగండి! అటునుంచి లేపకండి, జారిపోతుంది."

ఆ గొంతు వినగానే అతని గుండె జారిపోయింది. తొలి బస్సు రాలేదు కాబోలు. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో క్యారేజీ సంచీతో, రెండో చెయ్యి మోకాలి మీద వేసుకుని ఆవిడ దారి ఎక్కి వస్తోంది. అతన్ని చూసింది. నోరు తెరవబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

వెంటనే పనిలో దిగింది. చక్రం వెనక రెండు రాళ్ళు పెట్టింది. "ముందు ఆ పెట్టెలు ఊడదీయండి, తేలికవుతుంది," అంది. తీశారు. ఒక పెట్టె తెరుచుకుని అతని క్యారేజీ సంచీ బయటపడింది. అదీ ఆవిడ చేతిలో ఉన్నదీ ఒకే పూల గుడ్డతో కుట్టినవి. ఆవిడ అది గమనించి తన సంచీ వీపు వెనక్కి పెట్టుకుంది. అలా దాచుకోవడం అతనొక్కడే చూశాడు.

బండి లేచింది. రిసెప్షన్ అమ్మాయి ఆయాసపడుతూ అడిగింది. "రోజూ ఈ దారిలో నడిచే వెళ్తారా అమ్మా మీరు?"

"అవునమ్మా. పైన నర్సరీలో పని."

"మోకాలు నొప్పెడుతున్నట్టుందే. దింపేవాళ్ళు ఎవరూ లేరా?"

ఆవిడ అతనివైపు ఒకసారి చూసింది. మా ఆవిడ అంటే చాలు. అన్నాడంటే, మరి ఈవిడ నడవడమేమిటి, ఇంత బండి ఎందుకు, ఆ కబుర్లన్నీ ఏమిటి అని ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అతను తల వంచుకుని హెల్మెట్ పట్టీతో తంటాలు పడుతూ నిలబడ్డాడు.

"అలవాటైపోయిందమ్మా," అంది ఆవిడ. పోతూ పోతూ అతనితో, "పైన మలుపులో కూడా కంకరే ఉంది సార్. జాగ్రత్తగా దిగిపోండి," అంది. సార్ అంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని పైకి వెళ్ళిపోయింది.

"పాపం, ఎంత మంచావిడో!" అన్నాడు పొడుగాటాయన. "మీరు తరచూ వస్తారు కదా, ఎప్పుడూ తగల్లేదా?"

"లేదు," అన్నాడు అతను.

సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ రోజు మధ్యాహ్నమంతా తెలిసింది అతనికి. అన్నం సయించలేదు. బండి కడిగాడు. కడిగిన బండి పక్కనే పార్కింగులో, మెట్టు మీద కూర్చున్నాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. తిడితే బాగుండుననుకున్నాడు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. సంచీలోంచి మట్టి పొట్లం తీసి, ఎప్పటిలాగే స్తంభం పక్కన పెట్టింది.

"ఇవాళ కూడా తెచ్చావా?" అన్నాడు.

"రేపు ల్యాబు ఉంది కదా."

"కుండీలకి..."

"కుండీలు ఎప్పుడో నిండిపోయాయండీ," అంది. గొంతులో కోపం లేదు. "నల్లమట్టి ఎండగానే రాలిపోతోందని మీలో మీరే విసుక్కుంటుంటే విన్నాను. అప్పట్నుంచి ఎర్రది తెస్తున్నా. ఇది బాగా పట్టుకుంటుంది."

అతనికి తల కొట్టేసినట్టయింది. పొట్లం వైపు చూస్తూ అన్నాడు. "నన్ను సార్ అని ఎందుకన్నావు?"

"మీరేమీ అనలేదు కదా. ఇంకేమనాలో నాకు తెలియలేదు." రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది.

అతను పైకి వెళ్ళి పానాల సొరుగు తెరిచాడు. పానాలూ కాగితం పొట్లమూ తీసుకుని కిందికి వచ్చి, పెట్టెల ఫ్రేము విప్పాడు. డబ్బా, గార్డులు, లైట్లు, దిక్సూచి అన్నీ విప్పి గోడవారన పోశాడు. కాగితంలో ఫుట్‌రెస్టులు కొంచెం తుప్పు పట్టాయి. గరుకు కాగితంతో రుద్ది, నూనె రాసి, బిగించాడు. బిగువు చాలదేమోనని చేత్తో నొక్కి చూసి మళ్ళీ బిగించాడు.

తెల్లవారాక ఆవిడ సంచీతో కిందికి దిగితే, బండి తీసి నిలబడి ఉన్నాడు. "ఎక్కు. నేను దింపుతాను."

ఆవిడ బస్సు వచ్చే వైపు చూసింది. ఫుట్‌రెస్టు మీద పాదం మోపి, నొక్కి చూసి, ఎక్కింది. నమ్మకం లేక నొక్కి చూసిందేమోనని అతనికి మనసు చివుక్కుమంది. నమ్మమని అడిగే మొహం తనకి లేదు.

గుట్ట కింద ఆగి టైర్లలో గాలి కొంచెం వదిలాడు. మలుపు దగ్గర వెనకనుంచి ఆవిడ, "ఎడమ పక్కకి రండి. ఇంకొంచెం. ఆ... ఇప్పుడు తిప్పండి," అంది. భుజం మీద ఆవిడ చెయ్యి ఉంది. అతని కాలి మునివేళ్ళు నేలకి రాసుకుంటూ, ఆగుతూ, అడుగడుగునా భయపడుతూ, బండి ఎక్కింది.

నర్సరీ గేటు దగ్గర ఒక పెద్దావిడ గొట్టంతో నీళ్ళు పడుతోంది. బండి చూసి గొట్టం పక్కకి తిప్పింది.

"ఎవరమ్మా ఈయన?"

 ఎవరో దారిలో ఎక్కించుకున్నారని చెప్పినా తనకి తగినదే అనుకున్నాడు అతను.

"మా ఆయన," అంది ఆవిడ సంచీ దింపుకుంటూ. క్షణం ఆలోచించలేదు.

"ఈయనేనా! ఎలాంటి మట్టిదారైనా లెక్కచెయ్యడనీ, భలే నడుపుతాడనీ చెప్తుంటావే, ఆయనేనా? ల్యాబు టైముతో దింపడం కుదరదన్నావు, ఇవాళ కుదిరిందా? హెల్మెట్ తియ్యి నాయనా, మొహం చూద్దాం."

అతని చెయ్యి పట్టీ దాకా వెళ్ళి అక్కడే ఆగింది. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. పట్టీ విప్పి హెల్మెట్ తీశాడు.

"అయ్యో, కళ్ళల్లో దుమ్ము పడిందా నాయనా?" అంది పెద్దావిడ.

"లేదండీ," అన్నాడు అతను.