హోయిట్ లేని వాయింపు

హోయిట్ సైజ్‌మోర్‌ను కొండ మీద పూడ్చి వచ్చాక ఇల్లంతా జనంతో నిండిపోయింది. వంటింటి బల్ల మీద ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి. ఏ గిన్నె ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. వెర్నా తొట్టి దగ్గర గిన్నెలు తోముతూ ఉండిపోయింది. ముందు గదిలోకి వెళ్తే హోయిట్ గురించి నాలుగు మాటలు చెప్పమంటారు.

ఆ లోయలో హోయిట్ గిటార్ వినని మనిషి లేడు. వారమంతా బొగ్గు గనిలో పనిచేసి, శనివారం సాయంత్రాలు మాజీ సైనికుల హాల్లో వెర్నా పాటకు వాయించేవాడు. పెళ్లికి పిలిస్తే వెళ్లేవాడు, చావుకు పిలవకపోయినా వెళ్లేవాడు. వెర్నా మొదటిసారి వేదికెక్కి రెండో చరణం మరిచిపోయినప్పుడు, ఆమెకు గుర్తొచ్చేదాకా ఒకే వరసను తిప్పి తిప్పి వాయించాడు. అదంతా ముందే అనుకున్నదన్నట్టు జనం వైపు చూసి నవ్వాడు.

ముసలితనంలో వేళ్లు బిగుసుకుపోయాయి. తీగలు గరగరలాడేవి. తాళం తప్పేది. నాట్యం చేసే జంటలు అడుగు తడబడి ఆగిపోయేవి. పోయిన వేసవిలో ఒక శనివారం వెర్నా, సౌండు చూసే డెన్నీని పక్కకు పిలిచింది.

"హోయిట్ మైకు కట్టేసెయ్."

"ఆయనకి తెలిస్తే?"

"ఒళ్లో గిటార్ ఆయన చెవికి వినపడుతూనే ఉంటుందిగా. హాల్లోకి పోకపోతే చాలు. ఆ వాయింపు నా గిటార్ మీద నేనే వాయించేస్తాలే."

ఆనాటి నుంచీ అలాగే జరిగింది. హోయిట్ కళ్లు మూసుకుని వాయించేవాడు. చప్పట్లు మోగితే టోపీ తీసి తల వంచేవాడు. వెర్నా అటు చూసేది కాదు.

హోయిట్ భార్య జ్యూయల్ వంటింట్లోకి వచ్చి, తుడిచే గుడ్డ అందుకుంది.

"చివరి శనివారం పాటలన్నీ డెన్నీ రికార్డు చేశాడంటగా వెర్నా. నాకొకటి ఇప్పించు. హాలుకొద్దామంటే నా మోకాళ్లు ఒప్పుకోలేదాయె. ఇంట్లో గిటార్ అసలు ముట్టుకునేవాడే కాదు, వేళ్లు శనివారానికి దాచుకోవాలనేవాడు."

రికార్డు పాడైపోయిందన్న మాట వెర్నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ జ్యూయల్ ముఖం చూశాక అనలేకపోయింది.

"అందులో ఆయన వినపడడు జ్యూయల్."

ఉన్నదున్నట్టు చెప్పింది. జ్యూయల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు గదిలో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు.

"కంచె గుద్దేశాక కారు నడపొద్దని ఆయనకి నేనే చెప్పాను," అంది. "తాళాలు నా చేతిలో పెట్టి, కాఫీ ఉందా అన్నాడు. అంతే. నువ్వు చెప్పుంటే గిటార్ కూడా అట్లాగే పక్కన పెట్టేవాడు. నీ వెనకాలే కుర్చీ వేసుకుని పాట వినేవాడు. ఆ మాత్రం మనిషి కాదనుకున్నావా?"

"బాధపడతాడనుకున్నా."

"ఆయన మొహం చూసి చెప్పడం నీకు కష్టమైంది. అదీ సంగతి."

వెర్నా చేతులు సబ్బునీళ్లలోనే ఉండిపోయాయి. "శనివారం అందరి ముందూ చెప్పేస్తాను. తప్పు నాదేనని చెప్తాను."

"వద్దు. నీ గుండె తేలిక చేసుకోవడానికి ఆయన పరువు తీస్తావా? ఆ చప్పట్లు తనవేననుకుని పోయాడు, ఉండనీ. నువ్వు మాత్రం మోసుకో." జ్యూయల్ లేచింది. "ఆ మూకుడు ఇంకా జిడ్డుగా ఉంది, మళ్లీ తోము."

శనివారం హోయిట్ కోసం హాలు కిక్కిరిసింది. అతనితో గనిలో పనిచేసిన ముసలాయన ఒకాయన వెర్నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఈ చివరి ఏడాది వాయించాడు చూడమ్మాయ్, ఎప్పుడూ అట్లా వాయించలేదు. ఆ చేతికి ముసలితనమే రాలేదు. అవునా కాదా?"

ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చున్న జ్యూయల్ తలెత్తి చూసింది.

"అవును," అంది వెర్నా. చెవులు మండిపోయాయి. ముసలాయన కళ్లు తుడుచుకుని, మరొకరిని పిలిచి, వెర్నా కూడా అదే అంటోందని చెప్పాడు.