చిమ్మిలి

మొన్న మహాలయ అమావాస్యనాడు పురోహితుడు నాన్న పోయిన తిథి అడిగితే తమ్ముడు నా వైపు చూశాడు. తెలియదన్నాను. తిథి తెలియనివాళ్ల కోసమే కదమ్మా ఈ అమావాస్య అని ఆయన సర్దిచెప్పి, తర్పణానికి నల్లనువ్వుల గిన్నె ముందుకు జరిపాడు. ఆ గిన్నె చూస్తే ఈ వయసులోనూ నాకు భయమే.

మా ఉప్పు కొట్టు అప్పట్లో డుంబ్రిగుడ సంతలో ఉండేది. మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన కొత్త. వానలకు దారులు మూసుకుపోకముందే ఇంకా ఎగువ కొండల ఊళ్లకు ఉప్పు చేరవేయాలని నాన్న బయలుదేరాడు. ఊరందరికీ ఉప్పమ్మే మనిషికి ఇంట్లో పులుసు మాత్రం ఎప్పుడూ ఉప్పెక్కువే. ఆ పూట కూడా అమ్మని సాధించే వెళ్లాడు. మర్నాడు కావిడి మోసినతను ఒక్కడే తిరిగొచ్చాడు. దారిలో దాటాల్సిన కొండవాగు, ఆ గెడ్డ పొంగిందట. "బాబు అవతల గట్టెక్కినాడో, నీట్లోన పోనాడో, నాను సూడనేదమ్మా" అన్నాడు. ఎంత వెతికినా మనిషీ దొరకలేదు, చేత పట్టుకెళ్లిన గొడుగూ దొరకలేదు. అప్పటినుంచి వాకిట్లో కుక్క కదిలినా అమ్మ, నాయనమ్మ, నేను ఒక్కసారే లేచి చూసేవాళ్లం.

భాద్రపదం వచ్చింది. అమావాస్య దగ్గరపడేకొద్దీ నాయనమ్మకు నిద్ర కరువైంది. కొడుకు పోయే ఉంటే, పెద్దలందరూ తింటుంటే వాడొక్కడూ పస్తుంటాడని ఆవిడ బెంగ. బతికున్న మనిషికి నువ్వులు వదిలితే ఆయుష్షుకే చేటని అమ్మ భయం. అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం మానేశారు. ఎవరి మాట నెగ్గినా నాన్నకేదో అయిపోతుందని నాకు అన్నం సయించేది కాదు.

ఆ పొద్దున నాయనమ్మ గారెలకు పప్పు రుబ్బింది. పురోహితుడు కొండెక్కి రాడు కనుక, చంటివాడైన తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని వాడి చేత్తో తనే తర్పణం వదిలించబోయింది. అమ్మ వచ్చి నువ్వుల గిన్నె తీసేసుకుంది.

"ఆడు ఆకలితో ఉంతే ఏటి సేత్తావే?" అంది నాయనమ్మ.

"ఆకలైతే ఇంటికి రారేటి అత్తా?"

అమ్మ ఆ నువ్వుల్లో బెల్లం వేసి రోట్లో దంచేసింది. చిమ్మిలి ముద్ద చేసి తమ్ముడి నోట్లో కాస్త పెట్టి, నా చేతిలో ఒకటి పెట్టింది. నాన్నకు ఆకు వేసి గారెలూ, ఉప్పు తగ్గించిన పులుసూ వడ్డించింది. నాయనమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఆవిడా చిమ్మిలికి చెయ్యి చాచింది.

నాన్న రాలేదు. ఏటా ఆ రోజున అమ్మ చిమ్మిలే చేసింది, నుదుట బొట్టుతోనే పోయింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ మాకెవరికీ ధైర్యం చాలలేదు. అందుకే మొన్ననే మొదటిసారి తమ్ముడు నాన్న పేరు చెప్పి నువ్వులు వదిలాడు. నా నోట్లో బెల్లం తీపి తగిలింది. ఆ గెడ్డ దాటి అవతలి గట్టు చేరడానికి నాన్నకు అమ్మ జీవితమంతా పట్టింది.